ఆర్నెల్లు పని చేయనివ్వండి

ఇక్కడ అమెరికాలో మా పక్క వీధి తెలుగమ్మాయి సిన్సినాటి యూనివర్సిటీలో మెకానికల్ చదువుతోంది. పోయిన సెమిస్టరంతా క్లాసులకు వెళ్లలేదు. పొద్దున్నే సేఫ్టీ షూస్ వేసుకుని పంపులు తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్లేది. ఓ రోజు భోజనానికి వచ్చి చెప్పింది: "అంకుల్, నా డ్రాయింగ్ చూసి మెషినిస్ట్ పిలిచాడు. ఇంత తక్కువ టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) పెడితే ఒక్క ముక్కకి రెండు రోజులు పడుతుంది, నిజంగా అంత అవసరమా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు." ఆ రాత్రే కూర్చుని లెక్క మళ్లీ వేసుకుందట.

చదువు మధ్యలో ఇలా కంపెనీలో పని చేయడాన్ని ఇక్కడ కో-ఆప్ అంటారు. 1906లో అదే యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ప్రొఫెసర్ 27 మందితో మొదలుపెట్టారు. ఇద్దరు విద్యార్థులకు కలిపి ఒక ఉద్యోగం. ఒక వారం ఒకరు క్లాసులో ఉంటే రెండోవారు వర్క్‌షాపులో, పై వారం వీళ్లు అటు, వాళ్లు ఇటు. చేసిన పనికి జీతం ఉండేది.

మన దగ్గర లేదని కాదు. బిట్స్ పిలానీ 1973 నుంచి విద్యార్థులను కంపెనీలకు పంపే ప్రాక్టీస్ స్కూల్ నడుపుతోంది. తెలంగాణలో 2024లో స్కిల్స్ యూనివర్సిటీ వచ్చింది. నా బాధంతా మామూలు జిల్లా కాలేజీల గురించే. నేను చదివిందీ అలాంటి చోటే. ఫైనలియర్ ప్రాజెక్టు నలుగురం డబ్బులు వేసుకుని అమీర్‌పేటలో కొన్నాం. సీడీ, బైండు చేసిన రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు, అన్నీ వాళ్లే ఇచ్చారు. అప్పటికే మా కాలేజీకి ఒక పెద్ద కంపెనీతో ఎంవోయూ (అవగాహన ఒప్పందం) ఉంది. సంతకాల ఫోటో ప్రిన్సిపాల్ గదిలో గోడకి ఉండేది. ఆ కంపెనీ గేటు మాలో ఒక్కరం దాటలేదు. ఫలానా కుర్రాడిని ఫలానా ఇంజనీరు చూసుకుంటాడని ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు మరి.

అమెరికాలో ఉన్న మనలో చాలామందికి హైదరాబాద్‌లో టీములున్నాయి. ఊరి బడికి గదులు కట్టించాం, సంతోషం. ఇప్పుడు మీ టీములో ఇద్దరు విద్యార్థులకు చోటు అడగండి. ఆరు వారాలు కాదు, ఆర్నెల్లు. మొదటి రెండు నెలలూ వాళ్లు టీముకి బరువే, ఆ మాట నిజం. పని అందుకునేది ఆ తర్వాతే. స్టైపెండ్ మాత్రం ఇచ్చి తీరాలి. శ్రీకాకుళం నుంచి వచ్చే పిల్లాడు హాస్టల్ అద్దె ఎక్కణ్ణుంచి తెస్తాడు? డిగ్రీ, డిప్లొమా పూర్తయినవాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటే కేంద్రం నాట్స్ పథకం కింద (ఇక్కడి మన తెలుగు సంఘం నాట్స్ కాదు, అప్రెంటిస్‌షిప్ పథకం) కనీస స్టైపెండ్‌లో సగం భరిస్తుంది. ఈ సంగతి మన మేనేజర్లలో ఎంతమందికి తెలుసు?

మా ఆఫీసులో నేను అడిగాను. జనవరి నుంచి ఇద్దరికి ఒప్పుకున్నారు. వాళ్లను చూసుకోబోయే సీనియర్ ఇంజనీరు పేరు కూడా కాగితం మీద రాయించాను.