అలీనా టైసనా అని కొట్టుకునే ముందు రెఫరీ ఎవరో చెప్పండి

మళ్ళీ అదే పోస్టు. ఒకవైపు బాక్సర్ మహమ్మద్ అలీ ఫొటో, ఇంకోవైపు మైక్ టైసన్ ఫొటో, మధ్యలో "ఎవరు గెలుస్తారు?" అని ప్రశ్న. టైసన్ మొదటి రౌండ్లోనే పడుకోబెడతాడని ఒకరు, అసలు అలీని ముట్టుకోనే లేడని ఇంకొకరు. ఎవరి పంచ్‌లో ఎంత బలముంది అన్న దగ్గరే అందరూ తిరుగుతుంటారు. ఎన్ని రౌండ్లు, ఏ కాలపు రూల్స్, ఏ సంవత్సరపు అలీ, రింగులో రెఫరీ ఎవరు అని అడిగేవాడు ఒక్కడూ కనపడడు. నన్నడిగితే ఈ ఊహల ఫైట్లు సగం అక్కడే తేలిపోతాయి.

1974 జనవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అలీ, జో ఫ్రేజియర్ రెండోసారి తలపడ్డ వీడియో ఉంది, ఓపిగ్గా చూడండి. ఫ్రేజియర్ వంగి లోపలికి దూరినప్పుడల్లా అలీ ఒక చెయ్యి అతని మెడ వెనక్కి పోతుంది. తల కిందికి లాగి నొక్కి పెడతాడు, రెండో చేత్తో అతని చెయ్యి బిగించేస్తాడు, రెఫరీ వచ్చి విడదీసేదాకా ఒళ్ళంతా మీద వేసి వేలాడతాడు. విడదీయగానే రెండు జ్యాబ్‌లు (ముందు చేత్తో వేసే సూటి దెబ్బలు), నాలుగు పంచ్‌లు, మళ్ళీ మెడ. ఫ్రేజియర్ లెఫ్ట్ హుక్, అంటే ఎడమచేత్తో పక్కనుంచి వంపుగా కొట్టే దెబ్బ, దారి మధ్యలోనే చచ్చిపోయింది. రెఫరీ టోనీ పెరెజ్ పాయింట్లేమీ కొయ్యలేదు. 12 రౌండ్లు అలాగే నడిచాయి, అలీ గెలిచాడు.

ఇప్పుడు 1987 మార్చికి రండి. టైసన్ ఎదురుగా జేమ్స్ 'బోన్‌క్రషర్' స్మిత్. అతనూ ఇదే పని చేశాడు, 12 రౌండ్లూ టైసన్‌ని పట్టుకుని వదల్లేదు. చూడ్డానికి పరమ బోరు ఫైట్, కానీ టైసన్ అతన్ని పడగొట్టలేకపోయాడన్నది కూడా నిజమే. తేడా ఏంటంటే అక్కడ రెఫరీ మిల్స్ లేన్. పట్టుకుంటున్నాడని స్మిత్‌కి పాయింట్లు కోసేశాడు.

అందుకే నా లెక్క ఇది. 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడు రౌండ్లలో ముగించిన అలీకి ఎవరినీ పట్టుకోవాల్సిన అవసరమే లేదు, కాళ్ళే అతని కాపలా. ఆ అలీ, 1988లో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడేసిన టైసన్ తలపడితే అలీయే గెలుస్తాడు. మొదటి నాలుగు రౌండ్లు మాత్రం టెన్షనే. అలీకి లెఫ్ట్ హుక్ గండం ఎప్పుడూ ఉంది. 1963లో హెన్రీ కూపర్ పడేశాడు, 1971లో ఫ్రేజియర్ 15వ రౌండ్లో పడేశాడు. రెండుసార్లూ లేచాడు. టైసన్ సంగతి చూస్తే, పొడుగు చేతులతో జ్యాబ్ వేస్తూ భయపడకుండా నిలబడ్డ బస్టర్ డగ్లస్ 1990లో టోక్యోలో అతన్ని నాకౌట్ చేశాడు. అదే 1974 నాటి అలీ, రెఫరీ మిల్స్ లేన్ అయితే మాత్రం నేను టైసన్ మీదే పందెం కాస్తాను. అలీ ఫ్యాన్స్ తిట్టుకోండి, పర్లేదు.

పాతకాలపు చాంపియన్ జాక్ డెంప్సీ గురించి మాట్లాడేవాళ్ళదీ ఇదే తంతు. 1919లో టొలీడోలో 85 కిలోల డెంప్సీ 111 కిలోల విలార్డ్‌ని మొదటి రౌండ్లోనే ఏడుసార్లు పడేశాడు కాబట్టి ఈ కాలపు భారీ బాక్సర్ టైసన్ ఫ్యూరీని కూడా పడేస్తాడంటారు. ఆ వీడియోలో డెంప్సీ ఎక్కడ నిలబడ్డాడో చూడండి. పడ్డవాడి నెత్తిమీదే. విలార్డ్ మోకాలు నేల మీంచి లేస్తుండగానే మళ్ళీ కొడతాడు. అప్పట్లో దానికి అడ్డు లేదు. పడేసినవాడు దూరంగా మూలకి వెళ్ళాలన్న రూల్ 1927లో అదే డెంప్సీని టన్నీ ఫైట్‌లో ముంచింది. టన్నీని పడేసి మూలకి వెంటనే వెళ్ళలేదు, రెఫరీ లెక్క ఆలస్యంగా మొదలుపెట్టాడు, టన్నీ లేచి గెలిచాడు.

ఇక కంప్యూటర్‌నే అడిగితే పోలా అనేవాళ్ళున్నారు. అదీ అయ్యింది. 1967లో అమెరికా రేడియోలో కంప్యూటర్ టోర్నమెంట్ పెట్టి, అలీ పాతకాలపు చాంపియన్ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడని తేల్చారు. అలీ పరువు నష్టం కేసు వేశాడు! తర్వాత 1969లో మయామీలో అలీని, ఎప్పుడో రిటైరైన పాత చాంపియన్ రాకీ మార్సియానోని నిజంగానే రింగులోకి దింపి సినిమా తీశారు. మార్సియానో ఒళ్ళు తగ్గించి, విగ్గు పెట్టుకుని వచ్చాడు. నిమిషం నిమిషం రౌండ్లు బోలెడు తీసి, రకరకాల ముగింపులు పెట్టుకుని, అమెరికాలో 13వ రౌండ్లో మార్సియానో నాకౌట్ చేసినట్టు చూపించారు. ఐరోపాలో అలీ గెలిచినట్టుండే ముగింపు వేశారు. ఎక్కడి టికెట్టుకి అక్కడి చాంపియన్! పాపం మార్సియానో ఆ సినిమా విడుదల చూడలేదు, 1969 ఆగస్టులోనే విమాన ప్రమాదంలో పోయాడు.

మార్సియానో 49-0 రికార్డుకి (49 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు) నేనూ దండం పెడతాను. కానీ టైటిల్ గెలిచిన రోజు అతని బరువు 84 కిలోలు. ఇవాళ్టి లెక్కలో 90 కిలోల దాకా క్రూయిజర్‌వెయిట్ (హెవీవెయిట్‌కి కింది తరగతి), అంటే అతను హెవీవెయిటే కాదు. ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ తనకంటే ఎంతో బరువైన ఫ్యూరీని 2024లో రెండుసార్లు ఓడించాడుగా అంటారు. నిజమే, కానీ ఉసిక్ కూడా 100 కిలోల పైనే. 90ల నాటి భారీ చాంపియన్ లెనాక్స్ లూయిస్ ముందు మార్సియానోని నిలబెట్టడం అన్యాయం, ఏ రెఫరీ వచ్చినా కాపాడలేడు.

అలాగని "పాతవాళ్ళు ఇప్పుడు నిలబడలేరు" అని కొట్టిపారేయడం కూడా కుదరదు. ఊహ అక్కర్లేకుండా రెండు తరాలూ ఒకే రింగులో కొట్టుకున్న సాక్ష్యం మన దగ్గర ఉంది. అతని పేరు జార్జ్ ఫోర్‌మన్. 1974లో కిన్షాసాలో అలీ చేతిలో నాకౌటైన మనిషి, మధ్యలో పదేళ్ళు బాక్సింగే మానేసి, 42 ఏళ్ళ వయసులో అప్పటి చాంపియన్ హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లూ నిలబడ్డాడు. 1994లో, 45 ఏళ్ళకి, 26 ఏళ్ళ చాంపియన్ మూరర్‌ని పదో రౌండ్లో ఒక్క కుడిచేతి దెబ్బతో నేలకి పరిచి టైటిల్ పట్టుకెళ్ళాడు. ఆ రోజు వేగం లేదు, కాళ్ళు లేవు. బలం, ఓపిక, ఎక్కడ నిలబడి కొట్టాలన్న తెలివి ఉన్నాయి. 70ల నాటి సరుకు కాలం చెల్లిపోయిందనేవాళ్ళు ఆ పదో రౌండు ఒకసారి పెట్టుకోండి.

ఎవరూ అడగని జోడీ ఒకటి నేనే అడుగుతాను. 1982 నాటి లారీ హోమ్స్, 1999 నాటి లెనాక్స్ లూయిస్. హోమ్స్ జ్యాబ్ కంటే మంచి జ్యాబ్ ఈ డివిజన్‌లో నేను చూడలేదు. ఎర్నీ షేవర్స్ కొట్టిన దెబ్బకి పడి కూడా లేచి గెలిచిన మొండివాడు. లూయిస్ అంతకంటే పొడుగు, కుడిచెయ్యి తగిలితే ఇంక అంతే. 12 రౌండ్లయితే లూయిస్ పాయింట్లతో గెలుస్తాడు. 15 రౌండ్లయితే 13వ రౌండ్ దగ్గర లూయిస్ నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటాడు, హోమ్స్ జ్యాబ్ ఇంకా తగులుతూనే ఉంటుంది. నేను హోమ్స్ అంటాను. మీరు ఎవరి పేరైనా రాయండి, పక్కన రౌండ్లెన్నో కూడా రాయండి.