పెరటి తలుపు దగ్గర క్యూ ఉండదు

1851లో అమెరికాలోని లూయిజియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరుగారు ఒక కొత్త జబ్బు కనిపెట్టారు. దానికి డ్రాపెటోమానియా అని పేరు పెట్టారు. లక్షణం ఒక్కటే, బానిస యజమాని దగ్గర్నుంచి పారిపోవడం. ఆయన రాసిన వైద్యంలో కొరడా కూడా ఉంది. నవ్వకండి. ఆయన మనసులో మాట దాచుకోలేదు. ఇప్పటివాళ్లకు ఆ ధైర్యమేదీ?

ఇంగ్లండునే చూడండి. ప్రభుత్వ వైద్యంలో మానసిక కౌన్సెలింగ్‌కు పేరు రాయించుకుంటే ఎప్పటికి పిలుస్తారో తెలియదని అక్కడ జనం సణుగుతుంటారు. వీళ్లు ముందు తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు. పెరటి తలుపు దగ్గర క్యూ ఉండదు, పోలీసు వ్యానే దింపి వెళ్తుంది. 1983 నాటి మానసిక ఆరోగ్య చట్టం కింద బలవంతంగా ఆస్పత్రిలో పెట్టడాన్ని అక్కడ ‘సెక్షన్ చేయడం’ అంటారు. ఈ సదుపాయం తెల్లవారికంటే నల్లజాతివారికి మూడు నాలుగు రెట్లు ఎక్కువగా అందుతోంది. సర్కారు సేవల్లో వివక్ష ఉందనేవాళ్లు ఈ లెక్క చూసైనా నోరు మూసుకోవాలి.

వద్దంటే? వద్దనడం కూడా జబ్బు లక్షణమే. ‘నాకేం కాలేదు’ అన్నవాడికి తన జబ్బు తనకే తెలియనంతగా ముదిరిందన్నమాట. గొంతు పెంచితే దూకుడు, ఊరుకుంటే అనుమానం. కార్ట్‌రైట్ గారి ఆత్మకు శాంతి.

డేవిడ్ బెన్నెట్ అనే నల్లజాతి మానసిక రోగి 1993లోనే నర్సింగ్ అధికారికి ఉత్తరం రాశాడు, సిబ్బందిలో కనీసం ఇద్దరు నల్లజాతివారు ఉంటే బాగుంటుందని. అంతకు మించి ఏమీ అడగలేదు. 1998 అక్టోబరులో నార్విచ్‌లోని క్లినిక్‌లో ఇంకో రోగి అతన్ని జాతి పేరుతో తిట్టాడు. గొడవైంది. వార్డు మార్చింది మాత్రం బెన్నెట్‌ని. అక్కడ కోపంలో అతను ఒక నర్సును కొట్టాడు. నర్సులు అతన్ని బోర్లా పడుకోబెట్టి సుమారు 25 నిమిషాలు అదిమిపట్టారు. చనిపోయాడు. అలా మూడు నిమిషాలకు మించి పట్టకూడదని 2003లో విచారణ సంఘం తేల్చింది. అంటే తేడా వచ్చింది 22 నిమిషాలే.

ఇక పనులు సాగలేదనడం అన్యాయం. 2010లో లండన్‌లో చికిత్స కోసం తనంత తానే వచ్చిన ఒక 23 ఏళ్ల నల్లజాతి యువకుణ్ని 11 మంది పోలీసులు ఆస్పత్రిలోనే అదిమిపట్టారు. అతనూ బతకలేదు. మానసిక ఆస్పత్రుల్లో బలప్రయోగాన్ని అదుపు చేయడానికి అతని పేరుతో ‘సెనీస్ లా’ అనే చట్టం వచ్చింది, 2018లో. అందులో చాలా భాగం 2022లో అమల్లోకి వచ్చింది. పట్టుకోవడానికి ఉన్న తొందర పట్టు వదలడానికి ఉండదు మరి.

కోర్టులు, జైళ్ల సంగతి 2017లో ఎంపీ డేవిడ్ లామీ సమీక్షించారు. జనాభాలో 14 శాతం ఉన్న మైనారిటీ జాతులవారు ఖైదీల్లో 25 శాతం ఉన్నారు. ఆయన 35 సిఫార్సులు చేశారు. 2021లో ఇంకో కమిషన్ వచ్చి, వ్యవస్థను ఎవరూ కావాలని అలా కట్టలేదంది. నిజమే, గోడ ఒరగాలని ఏ మేస్త్రీ కడతాడు? మీద పడ్డవాడికి ఆ మాట ఎంత ఊరటో!

ఖర్చు తగ్గించే మార్గం ఒకటి చెబుతాను. కొత్త నివేదికలు రాయించడం దండగ. ఇంగ్లండులోని బ్రాడ్‌మూర్ మానసిక ఆస్పత్రిలో 1991లో ఒక నల్లజాతి రోగి చనిపోతే, 1993లో ఇచ్చిన నివేదిక ఉండనే ఉంది. దాని పేరు ‘బిగ్, బ్లాక్ అండ్ డేంజరస్?’ భారీ మనిషి, నల్లవాడు, ప్రమాదకారి అని ఆ ముగ్గురినీ ఒకడిగా చూస్తున్నారా అన్నదే ఆ నివేదిక రాసినవాళ్ల అనుమానం. తేదీ మార్చి దాన్నే అచ్చేయించండి. చివరున్న ఆ ప్రశ్నార్థకం ఒక్కటి తీసేస్తే సరి.