గుడ్డుకు చట్టం, ఇసుకకు వే బిల్లు

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో కృష్ణ ఒడ్డున ఎవరి మీదైనా చర్య తీసుకోవాల్సి వస్తే, ముందుగా రివర్ టర్న్ అనే పక్షి మీద తీసుకోవాలి. నల్ల టోపీ, పసుపు ముక్కు, ఎర్ర కాళ్లతో చూడటానికి నీటుగానే ఉంటుంది. ఇల్లు కట్టుకోవడం మాత్రం చేతకాదు. వేసవిలో నీళ్లు తగ్గి ఇసుక దిబ్బ తేలగానే, దాని మీద చిన్న గుంట చేసి రెండో మూడో గుడ్లు పెట్టేస్తుంది. పుల్ల లేదు, గడ్డి పరక లేదు. ఇక పర్మిషన్ సంగతి అడగనే వద్దు. భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది, రెండింట్లోనూ దరఖాస్తు పెట్టుకోలేదు. చేతిలో తెల్లకాగితం మీద రాసుకునే సాదాబైనామా కూడా లేదు. ఇలాంటి పక్షిని ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్లు ముప్పున్న జాతుల జాబితాలో పెట్టారంటే పెట్టరూ మరి!

చట్టం తన పని తాను చేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో అడవి పక్షి గుడ్డు పగలగొట్టినా, గూటిని కదిపినా వేట కిందకే వస్తుంది. గుడ్డు మీద ఇంత ప్రేమ చూపిన చట్టం, ఆ చోటు ఏ అభయారణ్యంలోనో ఉంటే తప్ప, గుడ్డు కింది ఇసుక జోలికి పోలేదు. గుడ్డు అటవీ శాఖది, ఇసుక గనుల శాఖది, పక్కన పారే నీళ్లు నీటిపారుదల శాఖవి. ముగ్గురు ఆఫీసర్ల మధ్య సంసారం పెట్టి సుఖపడ్డవాళ్లను ఎక్కడైనా చూశామా?

పోనీ చిత్తడి నేలల నిబంధనలు ఆదుకుంటాయేమో అనుకుంటే, 2017లో వాటిని భలే పకడ్బందీగా రాశారు. వాటి ప్రకారం నది పారే చోటు చిత్తడి నేల కాదు. వరి మడి కాదు. తాగునీటికో సాగునీటికో మనుషులు కట్టుకున్న చెరువూ కాదు. మన దక్షిణ తెలంగాణలో నీళ్లు కనబడేది ఈ మూడు చోట్లే. ఇక మిగిలింది వానాకాలంలో బస్టాండు.

తవ్వకాల విషయంలోనూ తప్పు పక్షిదే. వానాకాలంలో నదుల్లో ఇసుక తవ్వొద్దని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ నెలల్లో దిబ్బ మీదికి ట్రాక్టర్ రాదు కదా, హాయిగా అప్పుడే గుడ్లు పెట్టుకోవచ్చు. అప్పుడు దిబ్బ నీళ్ల కింద ఉంటుందని పక్షి వాదన. ప్రతి రూలుకూ ఏదో ఒక వంక పెట్టేవాళ్లు ఉండనే ఉంటారు.

ట్రాక్టర్ డ్రైవర్‌ను అనడానికీ లేదు. ఆ గుడ్డుది ఇసుక రంగే, మీద గోధుమరంగు మచ్చలు. రెండడుగుల దూరంలో నిలబడి చూసినా గులకరాయే అనుకుంటాం. ఎండ ముదిరితే తల్లి నీళ్లలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. ఇంజిన్ చప్పుడుకు లేచి అరుస్తూ చక్కర్లు కొడుతుంది. పారలు ఆగేదాకా అలా గాల్లోనే ఉండిపోతే, మే నెల ఎండకే గుడ్డులో పిల్ల చచ్చిపోతుంది. గుడ్డు పగల్లేదు. గుంటను ఎవరూ ముట్టుకోలేదు. ఇసుక తీసుకెళ్లడానికి ఇచ్చిన వే బిల్లు నాలుగు మడతలు పెట్టి డ్రైవర్ జేబులో భద్రంగా ఉంది. కేసు ఎవరి మీద రాయాలి? డ్యాముల కింద బతుకు సరేసరి. పైనుంచి నీళ్లు వదిలితే దిబ్బ మునుగుతుంది, మరీ తగ్గితే ఒడ్డుకు కలిసిపోయి కుక్కలు నడిచి వస్తాయి.

మనకు ప్రకృతి మీద ప్రేమ లేదని మాత్రం అనకండి. పాలమూరు పిల్లలమర్రి చెట్టుకు చెదలు పడితే 2018లో సెలైన్ సీసాల్లో మందు పెట్టి ఎక్కించిన జిల్లా ఇది. పెద్దపులికి అమ్రాబాద్ అడవి రాసిచ్చాం. కానీ మర్రి ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంటుంది, ఫొటోకు నిలబడుతుంది. ఈ టర్న్‌కు దిబ్బతో పని వేసవి నాలుగు నెలలే. అంటే కౌలుదారు. మనిషి కౌలుదారుకే ధరణిలో కాలమ్ పెట్టలేదు, పిట్టకు పెడతారా?

ఆ వన్యప్రాణి చట్టంలో దారి లేకపోలేదు. 36ఎ సెక్షన్ కింద ప్రభుత్వ భూమిని, స్థానికులతో మాట్లాడి, కన్జర్వేషన్ రిజర్వుగా, అంటే సంరక్షణ ప్రాంతంగా ప్రకటించవచ్చు. నదిలో దిబ్బ ప్రభుత్వానిదే. ఉత్తరాదిలో చంబల్ నదిలో కొంత భాగాన్ని 1970ల్లోనే అభయారణ్యం చేసి అక్కడి ఇసుక తిన్నెలకు రక్షణ ఇచ్చారు. అది ఘరియల్ మొసళ్ల కోసం. మొసలికి పళ్లున్నాయి కాబట్టి ఫైలు తొందరగా కదిలి ఉంటుంది.

మనవాళ్లూ చేస్తారు, తొందరెందుకు? మార్చిలో కమిటీ వేస్తారు. మూడు శాఖల జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు ఏప్రిల్‌లో తేదీ కుదరదు. మేలో ఎండలు, జూన్‌లో బదిలీలు. ఆగస్టులో వరద వచ్చాక జీపు దిగి, నిండుగా పారుతున్న కృష్ణమ్మకు దండం పెట్టుకుని రిపోర్టు రాస్తారు: “సదరు స్థలమును పరిశీలించగా గూళ్లు గానీ, గుడ్లు గానీ, దిబ్బ గానీ కనబడలేదు.”