బ్యాటరీ అక్కర్లేని సోలార్ గేము గారికి

మహారాజశ్రీ సోలార్ వీడియో గేము గారి దివ్య సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా తమరి సేవలో మేడ మీదే గడిపాను కనుక నా మెడ మాత్రం కాస్త కమిలింది. బెంగళూరు మారతహళ్లిలో ఆగస్టు ఎండ తమరికి తెలియనిది కాదు, మబ్బు దయతలిస్తేనే. ఆ మబ్బుల సందులో తమరు మేలుకుంటారు, టింగుటింగుమని స్వాగత గీతం పాడతారు. ఇటుకలు పేర్చుకుంటూ రెండు వేల దగ్గరికి వస్తానో లేదో, ఓ మబ్బు తునక అడ్డం వస్తుంది. తెర ఖాళీ. వెలుతురు రాగానే మళ్లీ అదే గీతం, స్కోరు సున్నా.

మబ్బంటే దేవుడి పని, సరే. తెర మీద ఎండ మెరిసి ఏమీ కనబడక కాస్త వంగితే నా తల నీడకే తమరు ఆరిపోతే ఎలాగండీ? మా అమ్మ పైకొచ్చి చూసి, "ఒరేయ్, వడియాల మీద కాకులు వాలకుండా చూడమంటే ఆ డబ్బాకి కాపలా కాస్తున్నావేంట్రా?" అంది. ఏం చెప్పను?

కరెంటు పోవడం తప్పని నేననడం లేదు. పోయినప్పుడు ఆగండి, వచ్చాక ఆగిన చోట మొదలెట్టండి, అంతే కదా అడిగింది! 2020లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీల వాళ్లు చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్ బాయ్ రూపంలో ఎంగేజ్ అని ఒకటి చేశారు. దానికీ బ్యాటరీ లేదు. ముందువైపు సోలార్ పలకలు, మనం బటన్లు నొక్కే బలం, ఇవే దాని తిండి. కొన్ని ఆటలైతే మంచి వెలుతురులో పది సెకన్లు ఆడితే సెకను కన్నా తక్కువసేపే ఆగుతుంది. కానీ ఆట ఎక్కడిదాకా వచ్చిందో, కరెంటు లేకున్నా చెరగని మెమరీలో దాచుకుంటుంది. గెంతు మధ్యలో ఆగిన బొమ్మ, లేచాక ఆ గెంతే పూర్తి చేస్తుంది. దానికి శబ్దం లేదు పాపం. నీకు శబ్దం ఉంది, బుర్ర లేదు. వచ్చిన కాస్త కరెంటూ ఆ దిక్కుమాలిన పాటకి తగలేసే బదులు నా స్కోరు గుర్తుపెట్టుకుని చావొచ్చు కదా! రెండు వేలు! ఒక్క అంకె! అదీ మోయలేవా?

అట్ట మీద మాత్రం "ట్యూబ్‌లైటు వెలుగులోనూ పనిచేస్తుంది" అని రాశారు. చేస్తుంది, స్టూలెక్కి లైటుకి ఆనించి పట్టుకుంటే. మల్లేశ్వరం బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడితే, దారిలో చెట్టుకో ఆట పోయింది. ఈ ఊళ్లో చెట్లను తిట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. జపాన్‌లో బందాయ్ అనే బొమ్మల కంపెనీ 1982లోనే సోలార్ గేములు అమ్మింది. ఇన్నేళ్లలో నీ వంశం నేర్చింది పాట పాడటమా? ఎస్పీ రోడ్డులో నిన్ను అంటగట్టినవాడు "లైఫ్‌టైమ్ సార్, సెల్ ఖర్చే ఇల్ల" అన్నాడు. ఎవరి లైఫో చెప్పలేదు.

పొద్దున నిన్ను చెత్త బండిలో పడేశాను. ఆ బండి ఆవిడ తీసి, ఇది తడి చెత్తా కాదు, పొడి చెత్తా కాదని నా చేతిలోనే పెట్టి వెళ్లిపోయింది.

సరే, ఉండు. నువ్వొచ్చాక మా అమ్మాయి గేము కోసం టీవీ రిమోట్‌లో సెల్లులు పీకడం మానేసింది. నిన్న రాత్రి వార్తలు పెట్టమని అమ్మ అడిగితే, రిమోట్‌ని అరచేతికేసి కొట్టకుండానే ఛానెల్ మారింది.

ఇట్లు,
స్కోరు సున్నా