రెడ్ ఆక్సైడ్ తుప్పును తినదు, బాబూ

మళ్లీ వచ్చింది. "ట్రాక్టర్‌కి మీరే రంగు వేసుకోండి: పెయింటర్లు చెప్పని రహస్యాలు" అనే ఫార్వర్డ్. ఈసారి పంపినాయన "నీకు పనికొస్తుంది" అని ఒక ముక్క కూడా జోడించారు. అందులో ఉన్నది ఇదీ: విప్పిన భాగాలను డీజిల్‌తో తుడవండి. తుప్పుంటే బాత్రూమ్ కడిగే యాసిడ్ పోసి నీళ్లతో కడిగేయండి. రెడ్ ఆక్సైడ్ (పైరంగుకి ముందు ఇనుము మీద అడుగు పూతగా వేసే ఎర్రటి ప్రైమర్) ఒకే కోటింగ్ మందంగా వేస్తే మిగిలిన తుప్పును అదే తినేస్తుంది, పైరంగు తీరిగ్గా వేసుకోవచ్చు. ఏ లోహానికైనా అదే ప్రైమర్. ఎక్కడా ఇనుము కనబడకుండా అంగుళం వదలకుండా కొట్టండి. గట్టిగా ఉన్న పాత రంగు గీకక్కర్లేదు.

డీజిల్‌తో మొదలుపెడదాం. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డును వదిలించడానికి డీజిల్ బాగానే పనిచేస్తుంది. కాని ప్రైమర్‌కి ముందు ఆఖరి తుడుపు దానితో అయితే పల్చటి నూనె పొర మిగులుతుంది. ప్రైమర్ ఆ పొర మీద నిలవక పక్కకు జరిగిపోయి గుంటలు పడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరేలోపే పొడిగుడ్డతో ఒత్తండి. దీనికింత చాలు.

అసలు గొడవ యాసిడ్‌తో. పోయగానే బుసబుస పొంగి, ఎర్రటి రిమ్ము కాస్తా తెల్లగా మెరిసిపోతుంది. ఫొటోకి అంతకన్నా ఏం కావాలి? ఆ సీసాలో ఉండేది ఎక్కువగా హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది తుప్పుతో కలిసి ఐరన్ క్లోరైడ్ అవుతుంది. ఈ క్లోరైడ్ ఇనుము గుంటల్లో, మడ్‌గార్డ్ రేకు మడతల్లో, రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన సందుల్లో దాక్కుంటుంది. పైపైన నీళ్లు పోస్తే పోదు. పైగా గాలిలోని తేమను తనే లాక్కుంటుంది. దాని మీద ప్రైమర్, ఆ మీద రంగు వేశారనుకోండి, కొన్నాళ్లకు పొర కింద నీటి బొబ్బలు లేస్తాయి. బొబ్బ గిల్లి చూస్తే లోపల తాజా తుప్పు! అప్పుడు తిట్లు తినేది మాత్రం ప్రైమర్ డబ్బా.

ఇంకా ఉంది. స్ప్రింగులు, గట్టి రకం బోల్టులు ఇందులో నానబెడితే హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. పైకి ఏమీ తెలియదు, బరువు పడ్డప్పుడు పుటుక్కున విరుగుతుంది. షెడ్డులో మూత తీసి వదిలేస్తే ఆ ఆవిరికే పక్కనున్న పానాలన్నీ తుప్పు పడతాయి. అదే ఆవిరి మీ ఊపిరితిత్తుల్లోకీ వెళ్తోంది, గుర్తుందా? ఈ ఫార్వర్డ్‌కి తోక తగిలించిన మహానుభావుడొకరు "బ్లీచింగ్ పౌడర్ కూడా కలిపితే ఇంకా త్వరగా పోతుంది" అని సెలవిచ్చారు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తుప్పు సంగతేమో గాని, మనిషి త్వరగా పోతాడు.

కర్మాగారాల్లో యాసిడ్ వాడరా అంటే, వాడతారు. ఇనుము మరీ కరిగిపోకుండా మందు కలిపి, కొలతగా ముంచి, బాగా కడిగి, వెంటనే తర్వాతి పూతకు పంపేస్తారు. బకెట్టు, మగ్గుతో అయ్యే పని కాదది. మనకు వైర్ బ్రష్షు, గ్రైండర్, వీలైతే ఇసుక బ్లాస్టింగ్ ఉన్నాయి. వైర్ బ్రష్షుతో అద్దంలా మెరిపించి ఊరుకోకండి, నున్నటి ఇనుము మీద ప్రైమర్‌కి పట్టు దొరకదు. 80 నంబరు ఎమరీ పేపర్‌తో గరుకు చేసి, దుమ్ము తుడిచి, అదే రోజు ప్రైమర్ వేసేయండి. రాత్రికి వదిలేస్తే మంచుకే పసుపు పచ్చటి తుప్పు తేలుతుంది.

ఇక రెడ్ ఆక్సైడ్ తుప్పును తినేస్తుందట! దాని ఎరుపే ఐరన్ ఆక్సైడ్. అంటే తుప్పు తాలూకు చుట్టమే. చుట్టాన్ని చుట్టం తినడమేమిటి స్వామీ? పెచ్చులుగా లేచే తుప్పు మీద దాన్ని పూయడం మసిపూసి మారేడుకాయ చేయడమే. మామూలు రెడ్ ఆక్సైడ్ పైరంగుకి పట్టు ఇవ్వడానికి ఉన్న పొర. నీటిని ఆపడం దానికి అంతగా చేతకాదు. ఒక వానాకాలం అలా బయట వదిలేస్తే కిందినుంచి చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. పైరంగు ఆలస్యమయ్యేట్టయితే హార్డెనర్ (పూతను గట్టిపరిచే మందు) కలిపే ఎపాక్సీ ప్రైమర్ నయం. డబ్బా మీద రాసిన గడువు దాటితే మాత్రం మళ్లీ గరుకు చేశాకే రంగు వేయాలి. మందపాటి కోటింగ్ పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, పల్చగా రెండు వేయండి.

అన్నిటికీ ఒకటే ప్రైమరా? జింకు పూత రేకు మీద నూనె రకం రెడ్ ఆక్సైడ్ పొరలుగా ఊడుతుంది. అల్యూమినియం మీదా నిలవదు. సైలెన్సర్ మీద మాడిపోతుంది. తర్వాతిది.

పాత రంగు సంగతి ఖండిద్దామనే కూర్చున్నాను. కాని ఆ ఒక్క మాటా నిజం. గోటికి, కత్తి మొనకు ఊడని కంపెనీ పూత కింద ఇనుము భద్రంగా ఉంటుంది. దాన్ని చెక్కి పారేసి మనం వేసేది అంతకన్నా గట్టిగా ఉంటుందన్న నమ్మకం లేదు. గరుకు చేసి, ఊడిన చోట అంచులు పల్చగా అరగదీసి, పైన వేసుకోవచ్చు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకేకన్నా నీళ్లతో తడిపి రుద్దడం మేలు కూడా.

చివరగా "అంగుళం వదలకుండా". గ్రీజు నిపుల్సు, మరలు, రబ్బరు సీళ్లు, రేడియేటర్ రెక్కలు, బ్రేకు డ్రమ్ము లోపలి వైపు, అన్నిటికీనా? అన్నిటికన్నా ప్రమాదం రిమ్ము, హబ్బు (రిమ్మును బిగించే ఇరుసు చివరి భాగం) ఒకదానికొకటి ఆనే ముఖాలు, నట్లు కూర్చునే చోట్లు. అక్కడ మందంగా రంగుంటే నట్టు బిగిసేది ఇనుముకి కాదు, రంగుకి. నడిచేకొద్దీ ఆ పొర నలిగి అరిగిపోతుంది, నట్టు వదులవుతుంది. ఈ ఫార్వర్డ్ నమ్మి ఇప్పటికే అంగుళం వదలకుండా కొట్టి చక్రాలు ఎక్కించినవాళ్లు ఉంటే, వాటిని దించి ఆ ముఖాలు ఇనుము దాకా గీకండి. మాన్యువల్‌లో చెప్పిన బిగువుకి టార్క్ రెంచితో బిగించి, కొంచెం సేపు నడిపి మళ్లీ ఒకసారి పట్టి చూడండి.