నా బరువు ఫైలు ఎవరి టేబుల్ మీదుంది?

మా ఆఫీసులో ఒక ఫైలు ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి పోవాలంటే నెల పడుతుంది. సంతకం పెట్టాల్సిన సారు సీట్లో ఉండడు, ఆయనున్న రోజు సర్వర్ ఉండదు, రెండూ ఉన్న రోజు రెండో శనివారం అయ్యుంటుంది. అలాంటి ఆఫీసు నా నడుము కొలత విషయంలో మాత్రం ఏ రోజు పని ఆ రోజే పూర్తి చేస్తుందని, ఒక్క అనుమానాన్ని కూడా పెండింగ్‌లో పెట్టదని, ఆపరేషన్ అయ్యి తిరిగి డ్యూటీలో చేరేదాకా నాకు తెలియలేదు. ఇకమీదట తిరుపతి ఉద్యోగులు పని చేయరని ఎవరన్నా అంటే నేను ఊరుకోను. చేస్తారు. చేసే పని వేరు, అంతే.

విచారణకు వచ్చిన అంశం ఇది. నేను బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నాను, అందులో స్లీవ్ అనే రకం. పొట్టలో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి ఆకలి తగ్గుతుంది, కొంచెం తినగానే కడుపు నిండుతుంది, బరువు దిగుతుంది. దిగాలనే కదా చేయించుకున్నది, దిగితే ఆశ్చర్యం దేనికో నాకు అర్థం కాదు. కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన పెద్దాయన్ని పట్టుకుని "అరే, నీకు కనిపిస్తా ఉందే!" అని ఎవరూ నోరు తెరవరు గదా.

మా జిల్లాలో మనిషి చిక్కితే మొదటి ముద్దాయి సుగరు. "ఏం మేడం, ఇట్ల చిక్కిపోయినారు? సుగరా?" కాదంటే నమ్మరు, ఎందుకంటే వాళ్ళ చిన్నాయన కూడా మొదట్లో కాదనే అన్నాడంట. సుగరు నిర్దోషి అని తేలాక థైరాయిడ్‌ని బోనెక్కిస్తారు. అదీ కాకపోతే కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "ఇంట్లో అంతా బాగానే ఉంది గదక్కా?" దీని అర్థం మా ఆయన మీద అనుమానం. ఆపరేషనైన కొత్తలో రాగిజావ కాచి, వడగట్టి, ఆరబెట్టి గ్లాసులో పోసి ఇచ్చిన మనిషి పాపం, ఆయనకు తెలియకుండానే ఆయన మీద ఇక్కడ కేసు నడుస్తా ఉంది.

ఆ తర్వాత అసలు ప్రశ్న. ఎన్ని కేజీలు? వాళ్ళకి చెప్పలేదు. మీకూ చెప్పను. మొదటి లైను నుంచి మీరూ దానికోసమే చూస్తున్నారని నాకు తెలుసు.

ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పాను, అడిగే హక్కు వాళ్ళకుంది. ఊబకాయం సర్జరీకి డబ్బివ్వాలంటే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి వేసే బరువు లెక్క, 40 లేదా ఆపైన ఉండాలి, లేదంటే 35 లేదా ఆపైన ఉండి, గుండెజబ్బో, అదుపులో లేని సుగరో, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియానో తీవ్రంగా ఉండాలి, మామూలు పద్ధతులన్నీ చేసి చూసి ఫలితం లేకపోయి ఉండాలి, డాక్టరు రాసివ్వాలి. ఇన్సూరెన్సు కంపెనీల మీద పెత్తనం చేసే ఐఆర్‌డీఏఐ నిబంధనలు చెప్పేదిదే. కాగితాలన్నీ చూశారు, సరేనన్నారు. క్లెయిము ఎగ్గొట్టే దారి వెతకడమే వృత్తిగా బతికేవాళ్ళు కూడా నన్ను "నిజం చెప్పు" అనలేదు. ఆ మాట అన్నది మా సూపరింటెండెంట్ సారు. రోజూ అంటాడు. గుడ్ మార్నింగ్ బదులు అదే అంటాడు. "నిజం చెప్పండి మేడం, ఏం చేయించుకున్నారు?"

వాకింగ్ అని చెప్పి తప్పించుకుందాం అనుకునేవాళ్ళకి ఇక్కడొక హెచ్చరిక. తిరుపతిలో వాకింగ్ అబద్ధం నిలవదు. ఎస్వీ యూనివర్సిటీ లోపల నడుస్తున్నా అంటే "నేను రోజూ పొద్దున అక్కడే ఉంటానే, ఒక్కరోజూ కనపళ్ళేదే" అంటాడొకాయన. ప్రకాశం పార్కు అంటే ఇంకొకామె. అలిపిరి మెట్లు ఎక్కుతున్నా అన్నామా, 3,550 మెట్లూ ఎక్కినారా, గాలిగోపురం కాడే తిరుక్కున్నారా, మోకాళ్ళ పర్వతం దగ్గర ఎన్నిసార్లు కూర్చున్నారు అని క్రాస్ ఎగ్జామినేషన్. శ్రీవారిమెట్టు అంటే, 2,388 మెట్లకి ఇంత తగ్గరు అని అక్కడికక్కడే తీర్పు. దేవుడి కొండ కింద పుట్టి పెరిగిన జనం, మెట్ల లెక్కలో వీళ్ళని మోసం చేయడం ఎవరి తరమూ కాదు.

పైగా నిజం చెప్పించడానికి మా వైపు ఒక ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. కాణిపాకం వినాయకుడి గుడి. అప్పు తీసుకోలేదన్నవాణ్ణి, గట్టు జరపలేదన్నవాణ్ణి అక్కడికి తీసుకుపోయి ప్రమాణం చేయించడం మా ఆచారం, రాజకీయ నాయకులు కూడా దమ్ముంటే కాణిపాకం రా అని సవాళ్ళు విసురుకుంటారు. ఒకరోజు మా సారు టీ తాగుతా నవ్వుతా అన్నాడు, "మేడం, కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పండి అయితే." ఆయన అనేసి కప్పు కింద పెట్టి పోయినాడు గానీ, ఆ దృశ్యం మాత్రం నన్ను వదలడం లేదు.

అందరూ ఓడీ, అంటే ఆన్ డ్యూటీ, వేసుకుంటారు. టెంపో ట్రావెలర్ మాట్లాడతారు, పులిహోర పొట్లాలు కట్టించుకుంటారు, చంద్రగిరి దాటకముందే సగం పొట్లాలు ఖాళీ అవుతాయి. ముందు ప్రశ్న ఎవరు అడగాలి అన్నదాని మీద పూతలపట్టు దాకా గొడవ, చివరికి సీనియారిటీ లిస్టు ప్రకారం పోదామని తీర్మానం. నేను కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ఎదురుగా నిలబడతాను. సారు ప్రొఫార్మా తీసి చదువుతాడు: సదరు ఉద్యోగిని తగ్గిన బరువు (ఎ) ఆపరేషన్ వల్లా, (బి) ఇంజెక్షన్ల వల్లా, (సి) కడుపు మాడ్చుకోవడం వల్లా, (డి) ఎవరి కళ్ళో పడి దిష్టి తగలడం వల్లా, వర్తించని వాటిని కొట్టివేయవలెను. క్యాష్ సెక్షన్ అక్క సాక్షి సంతకం పెడుతుంది. టైపిస్టు మినిట్స్ రాసుకుంటాడు, గ్రూపులో పెట్టాలి గదా. అంతమంది చూపుల మధ్య స్వామి కూడా కొంచెం ఇబ్బంది పడతాడేమోనని నా అనుమానం, ఎందుకంటే ఆయన స్వయంభువు, ఏటికేడు పెరుగుతాడని నమ్మకం, ఒకప్పుడు భక్తులు చేయించిన వెండి కవచం ఇప్పుడు ఆయనకు పట్టదని చెబుతారు. ఆయన పెరిగితే చెంపలేసుకుని గుంజీలు తీస్తాం. "ఏం స్వామీ, ఒళ్ళు చేసినావే, ఉండ్రాళ్ళు తగ్గించు" అని ఒక్కడన్నా అన్నాడా ఇన్ని వందల ఏళ్ళలో? ఆయన వెలసిన బావి తవ్విన ముగ్గురు అన్నదమ్ముల్లో గుడ్డివాడికి చూపు, చెవిటివాడికి వినికిడి, మూగవాడికి మాట ఇచ్చాడంటారు. అంత దయగల దేవుడు మా సెక్షన్‌కి ఇచ్చిన మాటల్లోంచి కాసిన్ని వెనక్కి తీసుకుంటే నేను కాదననని ప్రమాణం చేసి చెబుతాను, కావాలంటే మునిగి మరీ.

తులాభారం సంగతి చెప్పనే లేదు. కొండ మీద తులాభారం మొక్కుబడి ఉందని ఎప్పుడో నోరు జారాను. "అయ్యో, ముందే తూగి ఉంటే స్వామికి బెల్లం ఎక్కువొచ్చేది గదా మేడం" అని ఒకాయన బాధపడ్డాడు, నిజంగానే, స్వామి తరఫున. ఇక జుట్టు. వేగంగా బరువు తగ్గినప్పుడు మూడో నెల ప్రాంతంలో జుట్టు రాలడం మామూలు, కొన్నాళ్ళకు మళ్ళీ వస్తుంది, డాక్టరు ముందే చెప్పాడు. మా వాళ్ళ సలహా ఏమిటంటే ఎట్లాగూ రాలిపోతా ఉంది గదా, కల్యాణకట్టకు పోయి ఇచ్చేస్తే పుణ్యమన్నా మిగులుతుంది.

మధ్యాహ్నం ఒకటిన్నరకి బాక్సుల తనిఖీ. నాది పిల్లలు బడికి తీసుకుపోయే స్నాక్స్ డబ్బా. ఒక ఉడికిన గుడ్డు, రెండు స్పూన్ల ముద్దపప్పు, కాస్త పెరుగు. ముందు ప్రొటీన్ తినాలి, రోజు మొత్తానికి కనీసం 60 గ్రాములు అందాలి, నోట్లోనే గుజ్జయ్యేదాకా నమలాలి, తింటా నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. నేను గుడ్డులో చిన్న ముక్క చిదిమి నోట్లో పెట్టుకుంటే ఎదురుగా ముగ్గురు చేతులు కంచంలోనే ఆపి చూస్తుంటారు. ముక్క గొంతు దిగేదాకా వాళ్ళకీ ముద్ద దిగదు. "ఇంతేనా?" అంటుంది ఒకామె. ఇదే టేబుల్ మీద, నేను సంగటి తెచ్చుకున్న రోజు, "రెండో ముద్ద కూడానా మేడం?" అని నవ్వింది కూడా ఆమే. అప్పుడు ఎక్కువ, ఇప్పుడు తక్కువ, సరైన ముద్ద సైజు ఎంతో ఒక సర్క్యులర్ పంపితే ఫాలో అయిపోతాం గదా. ఆపైన నాటుకోడి పులుసు గిన్నె నా వైపు తోసి "ఒక్క ముక్క, ఏం కాదులే" అని బలవంతం. ఏం కాదులే అన్న వాళ్ళెవరూ నేను వాష్‌బేసిన్ దగ్గర వాంతి చేసుకుంటుంటే వీపు నిమరడానికి రారు.

అంతా అయ్యాక ఒక పెద్దమనిషి తేల్చేశాడు: "షార్ట్‌కట్ కొట్టినావు మేడం, నోరు కట్టుకోలేక." 1991లో అమెరికాలో నిపుణులు కూర్చుని బీఎంఐ 40 దాటితేనే, లేదా జబ్బులతో 35 దాటితేనే ఈ ఆపరేషన్ అన్నారు. 2022లో సర్జన్ల సంఘాలు ఆ లెక్క మార్చి, జబ్బులున్నా లేకపోయినా 35, ఆపైన ఉంటే చేయవచ్చని, మన ఆసియా వాళ్ళకైతే 27.5 నుంచే ఆలోచించవచ్చని రాశాయి. డాక్టర్లు ముప్పై ఏళ్ళు చదివి మనసు మార్చుకున్నారు, ఈయన సమోసా తింటా మార్చుకోలేదు. నా షార్ట్‌కట్ ఎట్లుంటుందో వినండి సార్. నిద్రలో ఊపిరి ఆగకుండా రాత్రిపూట మొహానికి మాస్కు తగిలించుకుని, మిషను ఊదే గాలితో నిద్రపోయి, మత్తు ఇచ్చే ముందు ఏం జరిగినా మాదే బాధ్యత అని సంతకం పెట్టి, పొట్టలో ముప్పావు వంతు పోగొట్టుకుని, వారాల తరబడి నీళ్ళూ జావలూ తాగి, బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ బతికినంత కాలం మింగుతా, రక్తపరీక్షలకి తిరుగుతా ఉండటం. మీరు లాంగ్‌కట్‌లో రండి, ఎదురుచూస్తుంటాను.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. నా సంగతి వరకూ నవ్వగలను, నేను కోరి చేయించుకున్నదాన్ని. కానీ ఇంకో సెక్షన్‌లో ఒకావిడ ఉండేది. ఆమె ఏమీ చేయించుకోలేదు, ఊరికే తగ్గుతా వచ్చింది. ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతం మించి పోతే ఎందుకో చూపించుకోవాలని వైద్యులు చెప్పే మాట. మేం ఏం చెప్పాం? సూపర్ మేడం. పదేళ్ళు తగ్గిపోయారు మేడం. పెళ్ళికూతురిలా ఉన్నారు మేడం, డైట్ చార్టు పంపండి గ్రూపులో. ఆమె వేలూరు ఆసుపత్రికి పోయి వచ్చి, పేగు క్యాన్సర్ అని రిపోర్టు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని సీట్లో కూర్చున్న రోజున కూడా ఒకామె పోయి బుగ్గ గిల్లింది, సీక్రెట్ చెప్పమని. చార్టు కావాలా మీకు? కీమో చార్టు ఉండేది ఆమె దగ్గర, ఏ తారీకు ఏ మందు ఎక్కించాలో వరుసగా రాసి. అది ఫాలో అవుతారా? చచ్చిపోతా ఉన్న మనిషి చేత థాంక్స్ చెప్పించుకున్నారు కదయ్యా మీ పొగడ్తలకి. ఆమె పోయిన తర్వాత అదే నోటితో "అప్పుడే అనుకున్నా, మరీ అంతగా ఎందుకు తగ్గుతుందా అని" అన్నారు. అనుకుంటే అడగాల్సింది, పక్కకి పిలిచి, బాగుండావా అని ఒక్క మాట. ఒక్కరూ అడగలేదు. కేజీలు మాత్రం అడిగారు.

బాగుండారా అని నన్ను అడిగింది మా అటెండరన్న ఒక్కడే. బాగున్నానన్నా అన్నాను. సరే మేడం, టీలో చక్కెర వేయాలా వద్దా అన్నాడు. వద్దన్నాను. విచారణ ముగిసింది, మొత్తం పదిహేను సెకన్లు.

మిగతావాళ్ళ విషయంలో నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతా. వివరణ ఇవ్వకూడదు, ఇస్తే దానిమీద ఇంకో వివరణ అడుగుతారు. "ఆఁ, తగ్గాను సార్. ఆ బడ్జెట్ ఫైలు మీ దగ్గరుందా?" ఇంతే. ఫైలు అన్న మాట వినగానే మనుషులు ఎంత తొందరగా మాయమవుతారో చూస్తే ముచ్చటేస్తుంది. ఆపరేషన్ అని చెప్పుకోవాలనుంటే చెప్పుకోండి, సిగ్గుపడే పని కాదు. చెప్పాలనిపించకపోతే మానేయండి, అబద్ధమూ కాదు. మొండిగా "నిజం చెప్పు" అని నిలబడ్డవాళ్ళని మాత్రం మీ మొలల ఆపరేషన్ ఎలా జరిగింది సార్ అని, గట్టిగా, లంచ్ హాల్లో అడగండి. జరిగి ఉండకపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు నా ఫైలు కొంచెం పాతబడింది, వాళ్ళకి కొత్తది దొరికింది. పెళ్ళై ఏడాది కాని పాప ఒకతి మా సెక్షన్‌లో చేరింది, కాస్త ఒళ్ళు చేసింది. మొన్న సారు ఆమె టేబుల్ ముందు ఆగి, పొట్ట వైపు చూసి, అందరికీ వినిపించేలా "ఏమ్మా, గుడ్ న్యూస్ ఏమన్నా ఉందా?" అన్నాడు.

"ఉంది సార్," అంది ఆ పాప స్క్రీన్ మీంచి కళ్ళెత్తకుండా. "మీ టీఏ బిల్లు రిటర్నయింది. పోని ఊరికి కూడా వేసినారంట."