గొట్టం వేసే ముందు మూడు నిమిషాలు

ఐసీయూలో ఇంట్యుబేషన్‌కు, అంటే శ్వాసనాళంలోకి గొట్టం వేయడానికి, మత్తుమందు, కండరాలను సడలించే మందు ఎక్కించాక రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. గొట్టం శ్వాసనాళంలోకి చేరేదాకా అతనికి ఆధారం అంతకుముందు సుమారు మూడు నిమిషాలపాటు ఊపిరితిత్తుల్లో నింపిన ఆక్సిజనే. ఆరోగ్యవంతుడు గాలి వదిలాక కూడా లోపల రెండు లీటర్లకు పైగా మిగులుతుంది. అదంతా ఆక్సిజనే అయితే నిమిషానికి పావు లీటరు ఖర్చు చొప్పున ఏడెనిమిది నిమిషాలు నెట్టుకురావచ్చు. న్యుమోనియా ముదిరిన రోగికి ఒక్కోసారి నిమిషం కూడా గడవదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ పల్స్ ఆక్సిమీటర్ బీప్ స్వరం దిగిపోతుంటే గొట్టం వేసే చేయి తడబడటమూ సహజమే.

చాలాచోట్ల ఇప్పటికీ వాడేది సంచి ఉన్న మామూలు ఆక్సిజన్ మాస్కే. ఆయాసపడుతున్న రోగి గట్టిగా పీల్చినప్పుడల్లా దాని అంచుల సందుల్లోంచి బయటి గాలి చొరబడి ఆక్సిజన్‌ను పలుచన చేస్తుంది. ముఖానికి బిగుతుగా పట్టే మాస్కుతో, ఒత్తిడితో ఆక్సిజన్ అందించే నాన్ ఇన్వేజివ్ వెంటిలేషన్‌లో ఆ బెడద తక్కువ; పైగా ముడుచుకున్న గాలి తిత్తులు తెరుచుకుంటాయి.

అమెరికాలో 1,301 మందిపై ఈ రెండు పద్ధతులనూ పోల్చిన ప్రీఆక్సీ ట్రయల్ 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ శాతం (శాచురేషన్) 85 కంటే దిగువకు పడిపోయినవారు మాస్కు వర్గంలో 18.5 శాతం, వెంటిలేషన్ వర్గంలో 9.1 శాతం. ఒత్తిడితో గాలి అందిస్తే కడుపులోనివి ఊపిరితిత్తుల్లోకి పోతాయన్న పాత భయానికి ఇందులో ఆధారం దొరకలేదు. అయితే అప్పటికే శ్వాస మందగించినవారిని, తక్షణం గొట్టం వేయాల్సినవారిని ఈ ట్రయల్‌లో చేర్చుకోలేదు. ఫలితాన్ని వారికీ అన్వయించడం తొందరపాటే.

నా సందేహం వేరే చోట ఉంది. వెంటిలేషన్ వర్గంలో మత్తు ఇచ్చాక కూడా, గొట్టం వేయడం మొదలుపెట్టేదాకా యంత్రం ఊపిరి అందిస్తూనే ఉంది. మాస్కు వర్గంలో ఆ వ్యవధిలో అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కాలా వద్దా అన్నది వైద్యుడి ఇష్టానికే వదిలేశారు. కనబడిన మేలులో ముందు నింపిన ఆక్సిజన్ వాటా ఎంత, ఆ తర్వాత ఆగని శ్వాస వాటా ఎంత? అదే పత్రికలో 2019లో వచ్చిన, 401 మందిపై జరిగిన ప్రీవెంట్ ట్రయల్‌లో మత్తు తర్వాత అంబు బ్యాగ్ నొక్కడంతోనే, శాచురేషన్ 80 శాతం కంటే దిగువకు పడినవారు 22.8 నుంచి 10.9 శాతానికి తగ్గారు.

వెంటిలేటర్ పక్కనే ఉన్నచోట దాన్ని ముందే తగిలించకపోవడానికి నాకు కారణం కనబడదు. గొట్టం వేశాక ఎలాగూ వాడేది దాన్నే. అది అందుబాటులో లేని చిన్న ఆసుపత్రిలో మాత్రం, ఒకరు రెండు చేతులతో మాస్కు ఒత్తిపట్టుకుంటే మరొకరు పీప్ వాల్వ్ (గాలి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత ఒత్తిడి నిలిపే కవాటం) అమర్చిన అంబు బ్యాగ్‌ను మెల్లగా నొక్కే పద్ధతిని, వెంటిలేషన్‌తో ముఖాముఖి నిలబెట్టే ట్రయల్ ఎక్కువ పనికొస్తుంది.